కెప్టెన్ విందుకు పంచె కట్టుకోవచ్చా?

సముద్రం లేని ఊరు బెంగళూరు. అయినా ఇక్కడి తెలుగు ఇళ్ళలో ఇప్పుడు ఓడ ప్రయాణాల ముచ్చట్లు బాగా వినిపిస్తున్నాయి. టిక్కెట్లు, వీసాలు, సెలవులు అన్నీ కుదిరాక, పెట్టె సర్దే రోజున ఒక్క రాత్రి భోజనం దగ్గర అందరూ ఆగిపోతున్నారు.

ఒక శనివారం రాత్రి తొమ్మిదిన్నరకు జయనగర్ నుంచి మా చిన్నమ్మ ఫోన్ చేసింది. "మీ చిన్నాన్న ఓడెక్కనంటాండారు నాయనా. పొద్దున్నే వచ్చి నువ్వొక మాట చెప్పు" అంది. గొంతులో ఏడుపు లేదు గానీ, దానికి దగ్గరలోనే ఉంది.

నలభయ్యో పెళ్లిరోజుకని వాళ్ళబ్బాయి సింగపూర్ నుంచి బయల్దేరే ఓడలో నాలుగు రాత్రుల ప్రయాణం బుక్ చేశాడు. బెళ్ళందూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వాడిది. వీసాలు వచ్చాయి. చిన్నమ్మ మందుల డబ్బా కూడా సర్దేసింది. అప్పుడొచ్చింది ఓడ కంపెనీ నుంచి మెయిలు. రెండో రోజు రాత్రి పెద్ద భోజనశాలలో ఫార్మల్ నైట్. మగవాళ్ళకు సూటు, టై లేదా టక్సీడో. ఆడవాళ్ళకు ఈవెనింగ్ గౌను. కెప్టెన్ వచ్చి అందరినీ పలకరిస్తాడని, ఫొటోలు తీస్తారని కింద రాసి ఉంది.

చిన్నాన్న హిందూపురంలో ముప్పై మూడేళ్ళు లెక్కల మాస్టారు. బడికి ప్యాంటు, చొక్కాతోనే వెళ్ళేవారు. రిటైరైన మర్నాడు పంచె కట్టారు, మళ్ళీ విప్పలేదు. బెంగళూరు వచ్చి తొమ్మిదేళ్ళయినా లాల్‌బాగ్ నడకకూ, బ్యాంకుకూ, మనవడి స్కూలు వార్షికోత్సవానికీ అదే తెల్ల పంచె, అదే సగం చేతుల చొక్కా.

ఆదివారం పొద్దున నేను వెళ్ళేసరికి మంచం నిండా బట్టలు. కొడుకు పెళ్లినాటి నీలం కోటు ఒకటి, చిన్నాన్న భుజాలకు రెండంగుళాలు పొట్టి. దాని పక్కన ఇంకా ధర కాగితం తీయని టై. అటు చివర మూడు చీరలు: ధర్మవరం పట్టు, మైసూరు సిల్కు, కోడలు కొనిచ్చిన ఉప్పాడ. కోడలి ఫోన్‌లో గౌన్ల బొమ్మలు. చిన్నాన్న బాల్కనీలో పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"ఏం చిన్నాన్నా?" అన్నాను.

"సముద్రమంటే నాకు ఇష్టమే నాయనా. ఎప్పుడో మద్రాసు మెరీనాలో చూసిందే, మళ్ళా చూడలా. కానీ నా పెళ్లిరోజున నేను వేషం కట్టుకోని కూచోవాల్నా?"

వేషం అన్న ఆ మాట నాకు గుచ్చుకుంది. ఈ కథనం అక్కడ పుట్టింది.

పది పౌండ్ల సూటు

ఓడ భోజనానికి ఏం వేసుకోవాలన్న గుబులు మనవాళ్ళకు నిన్న మొన్నటిది కాదు. 1888 సెప్టెంబరు 4న బొంబాయి రేవులో 'క్లైడ్' అనే ఓడ ఎక్కిన పద్దెనిమిదేళ్ళ కుర్రాడు మోహన్‌దాస్ గాంధీ దీన్ని పూర్తిగా అనుభవించాడు. సముద్రం దాటుతున్నందుకు కులంవాళ్ళు వెలివేశారు. స్నేహితులు ఇంగ్లీషు బట్టలు సిద్ధం చేసి ఇచ్చారు. మెడకు టై కట్టాలంటే మొదట్లో ఆయనకు అసహ్యం. పొట్టి కోటు వేసుకోవాలంటే సిగ్గు. ఇదంతా ఆయనే తన ఆత్మకథలో రాసుకున్నారు.

ఓడలో భోజనాల బల్ల దగ్గరకు ఆయన వెళ్ళలేదు. ముళ్ళచెంచా, కత్తి పట్టుకోవడం రాదు. వడ్డించేవాటిలో మాంసం లేనివి ఏవో అడగడానికి ధైర్యం చాలదు. ఇంటి నుంచి తెచ్చుకున్న మిఠాయిలు, పళ్ళు తింటూ గదిలోనే గడిపారు. ఓడ మీద ఉన్నన్నాళ్ళూ నల్ల సూటు వేసుకుని, స్నేహితులు ఇచ్చిన తెల్ల ఫ్లానెల్ సూటును దిగే రోజు కోసం భద్రంగా దాచుకున్నారు. ఒడ్డుకు అడుగుపెట్టేటప్పుడు తెల్లబట్టలైతే హుందాగా ఉంటుందని ఆయన నమ్మకం. దిగింది సెప్టెంబరు చివర్లో. రేవులో తెల్లబట్టలు వేసుకున్న మనిషి తానొక్కడే. మార్చుకుందామంటే పెట్టెలన్నీ తాళాలతో సహా గ్రిండ్లే కంపెనీ ఏజెంటు చేతిలో పెట్టేశారు. పక్కవాళ్ళు అలా ఇస్తుంటే తానూ ఇచ్చారు. మర్నాడు ఆదివారం, సోమవారం దాకా సామాను రాదు. ఆ తెల్లబట్టల్లోనే లండన్ హోటల్లో కూర్చోవలసి వచ్చింది.

ఆ తర్వాత లండన్‌లో బాండ్ స్ట్రీట్‌కు వెళ్ళి పది పౌండ్లు పోసి ఈవెనింగ్ సూటు కుట్టించుకున్నారు. పందొమ్మిది షిల్లింగులు పెట్టి పొడుగు టోపీ కొన్నారు. రోజూ పది నిమిషాలు అద్దం ముందు టై సరిచేసుకుంటూ నిలబడేవాణ్ణని రాశారు. 1921 సెప్టెంబరులో మధురైలో చొక్కా కూడా వదిలేసి కొల్లాయికి మారారు. 1931 నవంబరులో బకింగ్‌హాం రాజభవనంలో అయిదో జార్జి చక్రవర్తి ఇచ్చిన తేనీటి విందుకు ఆ కొల్లాయితో, శాలువాతో వెళ్ళారు. ఓడ దిగిన రోజుకూ ఈ విందుకూ మధ్య నలభై మూడేళ్ళు. మొదటిసారి ఎదుటివాళ్ళు ఏమనుకుంటారోనని బట్టలు ఎంచుకున్నారు. రెండోసారి తానెవరో తెలిసి ఎంచుకున్నారు.

మన చిన్నాన్నలూ పెదనాన్నలూ గాంధీలు కానక్కరలేదు. కానీ గదిలో మిఠాయిలు తింటూ కూర్చున్న ఆ కుర్రాడి పరిస్థితి ఈరోజు ఎవరికీ రాకూడదు. నాలుగు రాత్రుల ప్రయాణానికి డబ్బు కట్టి, బట్టల భయంతో పెద్ద భోజనశాల వైపు వెళ్ళకుండా పైడెక్కులో బఫే తిని వచ్చేసిన తెలుగు దంపతులు నాకు తెలుసు. వాళ్ళు సంతోషంగా తిని వచ్చి ఉంటే నేనేమీ అనను. "మాకు అక్కడ బాగుండదులే" అనుకుని వెళ్ళలేదు. అదీ నా బాధ.

తలపాగాతో స్టాక్‌హోం దాకా

మన ఊరికే వద్దాం. 1921లో ఇంగ్లండు నుంచి 'నార్కుండా' అనే ఓడలో తిరిగొస్తూ మధ్యధరా సముద్రం నీలిరంగు చూసి, అది ఆకాశం నీడ కాదు, నీటి అణువులే వెలుగును చెదరగొట్టడం వల్ల వచ్చిన రంగు అని పట్టుకున్నవాడు సి.వి. రామన్. చిన్నతనం విశాఖపట్నం సముద్రపు ఒడ్డున గడిపినవాడు. 1933లో బెంగళూరు వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. 1930లో నోబెల్ అందుకోవడానికి స్టాక్‌హోం వెళ్ళినప్పుడు చుట్టూ తోక కోట్లు వేసుకున్న పాశ్చాత్యులు. మధ్యలో మెడదాకా గుండీలు పెట్టిన కోటు, నెత్తిన తలపాగాతో తానొక్కడే భారతీయుడు. ఆ దృశ్యాన్ని ఆయన తర్వాత తలుచుకునేవారు కూడా.

ఆ సభ ప్రపంచంలోకెల్లా కట్టుదిట్టమైన దుస్తుల నియమం ఉన్న సభల్లో ఒకటి. మగవాళ్ళు తెల్ల టై, తోక కోటుతో రావాలి. అయినా ఎవరి దేశపు సంప్రదాయ దుస్తులతో వాళ్ళు రావచ్చు. 2019 డిసెంబరు 10న అభిజిత్ బెనర్జీ పంచె, బంద్‌గలా కోటుతోనూ ఎస్తేర్ డఫ్లో చీరతోనూ వెళ్ళి అదే వేదిక మీద బహుమతి అందుకున్నారు. స్వీడన్ రాజు ఎదుట సరిపోయిన పంచె ఓడ కెప్టెన్ ఎదుట చాలదా?

మోక్షగుండం విశ్వేశ్వరయ్యను తలుచుకోకుండా బెంగళూరులో ఈ మాట ముగియదు. పూర్వీకుల ఊరు ఆంధ్రప్రదేశ్‌లోని మోక్షగుండం, ఇంటి భాష తెలుగు. ఆయన ఏ ఫొటో చూసినా మడత నలగని సూటు, సరిగ్గా బిగించిన టై, వాటి పైన జరీ అంచు మైసూరు పేటా. దేశాలు తిరిగారు, సూటుతోనే తిరిగారు. తలపాగా మాత్రం తీయలేదు. సూటు నచ్చితే తొడుక్కోవడంలో తప్పు లేదని ఆయన్ను చూస్తే తెలుస్తుంది. ఇష్టపడి వేసుకున్న సూటు వేషం కాదు. కంటోన్మెంటు క్లబ్బు దొరలదిగా ఉన్న రోజుల్లో, 1917లో, కబ్బన్ పార్కు అంచున సెంచురీ క్లబ్బు పెట్టించినవారూ ఆయనే.

ఓడ విందు నియమం ఎక్కడిది?

1869లో సూయజ్ కాలువ తెరిచాక బొంబాయి నుంచి ఇంగ్లండుకు మూడు వారాల ప్రయాణం. చుట్టూ నీళ్ళు. చేయడానికి పని లేదు. రోజంతటికీ ఒకే ఘట్టం, రాత్రి భోజనం. మొదటి తరగతి దొరలూ దొరసానులూ దానికి పూర్తిగా ముస్తాబై వచ్చేవారు. కింది తరగతుల వాళ్ళకు ఆ బల్ల దగ్గరకు దారి లేదు. ఇంకా కింద, బాయిలర్ల దగ్గర బొగ్గు వేసేవాళ్ళలో భారతీయ నావికులు ఎందరో ఉండేవారు. 'లస్కర్లు' అనేవారు వాళ్ళను. ఓడ విందు బట్టల వెనక ఈ మెట్ల వరస ఉందని మరవకూడదు. ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెప్పడానికి పుట్టిన నియమం అది.

మరి ఆ నియమంలోని బట్టల సంగతి చూడండి. టక్సీడో అన్న పేరు న్యూయార్క్ దగ్గరి టక్సీడో పార్క్ నుంచి వచ్చింది, 1886 నాటి మాట. దాని నడుముకు చుట్టే పట్టు పట్టీని కమర్‌బండ్ అంటారు. అది మన కమర్‌బందే, నడికట్టు. భారతదేశంలోని ఇంగ్లీషు సైనికాధికారులు ఇక్కడి ఎండలకు వెయిస్ట్‌కోటు మోయలేక దాన్ని చుట్టుకున్నారు, వెళుతూ ఇంటికి పట్టుకుపోయారు. ఎర్రసముద్రం వేడికి కోటు విప్పేసి, చొక్కా మీద నడికట్టుతోనే విందుకు కూర్చోవడం కూడా ఓడల్లో మర్యాదైపోయింది. నావికుల భాషలో దానికి 'రెడ్ సీ రిగ్' అని పేరు. అంటే వాతావరణాన్ని బట్టి ఈ నియమం ఎప్పుడో వంగింది.

గౌనుకు మనం ఇంకా దగ్గరి బంధువులం. పదిహేడో శతాబ్దంలో మచిలీపట్నం రేవు నుంచి కలంకారీ అద్దకం బట్టలు ఓడలకెత్తి పంపేవారు. ఇంగ్లీషు కంపెనీ అక్కడ 1611లోనే వర్తకస్థానం పెట్టింది. కోరమండల్ తీరపు ఆ పూల బట్టతో యూరప్ ఆడవాళ్ళు గౌన్లు కుట్టించుకున్నారు. అక్కడి నేతగాళ్ళు గగ్గోలు పెడితే 1686లో ఫ్రాన్సు, 1701లో ఇంగ్లండు అద్దకం బట్టల దిగుమతిని నిషేధించాయి. కృష్ణా తీరపు అద్దకాన్ని ఆపడానికి రెండు దేశాలు చట్టాలు చేసుకున్నాయి! ఈ సంగతి చెప్తే మా చిన్నమ్మ కోడలి ఫోన్ పక్కన పెట్టి ఉప్పాడ చీర అంచు ఒకసారి తడిమి చూసుకుంది.

మన గడపల్లో

పరాయి ఓడల సంగతి తర్వాత. మన గడపల్లో ఏం జరుగుతోంది?

2014 జులైలో చెన్నై చేపాక్‌లోని క్రికెట్ సంఘం క్లబ్బులో పుస్తకావిష్కరణకు వెళ్ళిన హైకోర్టు న్యాయమూర్తి డి. హరిపరంధామన్‌ను పంచె కట్టుకున్నారని గుమ్మం దగ్గరే ఆపేశారు. మరుసటి నెలలోనే తమిళనాడు శాసనసభ చట్టం చేసింది. సంప్రదాయ దుస్తుల కారణంగా ఎవరినైనా క్లబ్బులోకి రానివ్వకపోతే లైసెన్సు రద్దు, జైలు, జరిమానా.

పదేళ్ళ తర్వాత మన బెంగళూరు. 2024 ఫిబ్రవరిలో రాజాజీనగర్ మెట్రో స్టేషన్‌లో నెత్తిన మూటతో వచ్చిన రైతును బట్టలు మాసి ఉన్నాయని ఆపారు. తోటి ప్రయాణికులు నిలదీశారు, ఆపిన సూపర్‌వైజరు ఉద్యోగం పోయింది. అదే ఏడాది జులైలో మాగడి రోడ్డు మాల్‌లో కొడుకుతో కలిసి సినిమాకు వచ్చిన ఒక పెద్దాయనను పంచె ఉందని లోపలికి రానివ్వలేదు. హావేరి వైపు రైతు ఆయన. చేతిలో టిక్కెట్టుంది. ఊరు ఊరంతా కోప్పడింది, ప్రభుత్వం ఆ మాల్‌ను ఏడు రోజులు మూసేయమంది. కర్ణాటకలో, ముఖ్యమంత్రే పంచె కట్టుకునే రోజుల్లో జరిగిందిది.

మా నాన్నకూ జరిగింది. ఇరవై ఏళ్ళ కిందటి మాట. ఈ నగరంలోని ఒక క్లబ్బులో నా స్నేహితుడి పెళ్లి విందు. నాన్న కొత్త పంచెల చాపు విప్పి కట్టుకున్నారు, కాళ్ళకు తోలు చెప్పులు. లోపలికి బూట్లుంటేనే అన్నారు. గొడవ వద్దురా అని నాన్న బయట చెట్టుకింద బెంచీ మీద కూర్చుని నన్ను పంపించారు. నేను వెళ్ళాను. వెళ్ళి ఉండకూడదు. ఆ పూట తిన్న అన్నం ఇప్పటికీ నాకు అరగలేదు.

మంచి కబురు కూడా ఉంది. అది నౌకాదళం నుంచే వచ్చింది. మన నేవీ అధికారుల మెస్సుల్లో, వాళ్ళు భోంచేసే వార్డ్‌రూముల్లో కుర్తా పైజమాకు ఎన్నో దశాబ్దాలుగా చోటు లేదు. 2024లో ఆ నియమం మార్చారు. నిండు రంగు కుర్తా, దాని మీద చేతుల్లేని జాకెట్టు, కాళ్ళకు బూట్లు లేదా శాండల్స్ వేసుకుని రావచ్చన్నారు. తెల్లవాళ్ళ నౌకాదళం నుంచి పట్టుకొచ్చుకున్న అలవాటును యుద్ధనౌకలు నడిపేవాళ్ళే వదులుకోగలిగినప్పుడు సెలవులకెళ్ళే మనకు భయమెందుకు?

పెట్టెలో ఏం పెట్టాలి

ఇక అసలు పని. ఓడ కంపెనీలన్నీ ఒకే తీరుగా లేవు. పాత ఇంగ్లీషు సంప్రదాయం పాటించే క్యూనార్డ్ వాళ్ళ 'క్వీన్ మేరీ 2' లాంటి ఓడల్లో ఇప్పటికీ గాలా రాత్రులు ఘనంగా జరుగుతాయి. నల్లకోటు, బో టై తప్పవనిపిస్తుంది. కానీ వాళ్ళ నియమావళిలోనే సంప్రదాయ జాతీయ దుస్తులు కూడా సరేనని రాసి ఉంటుంది. నార్వేజియన్ లాంటి కంపెనీలు 2000 నుంచే ఫార్మల్ రాత్రుల పట్టింపు సడలించాయి. మిగతా చాలామంది దానికి పేర్లు మార్చి మెత్తబరిచారు. మన రేవుల నుంచి తిరిగే ఓడల్లో లాల్చీ, చీర మామూలే. అలాంటి ఓడే, కార్డీలియా వాళ్ళ 'ఎంప్రెస్', 2022 జూన్‌లో విశాఖ వచ్చింది. 2023 సెప్టెంబరులో అక్కడ సుమారు 96 కోట్లతో కట్టిన క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది.

పేరు ఏదైనా, పెద్ద భోజనశాలలోకి ఈతబట్టలు, బనీన్లు, నిక్కర్లతో రావద్దనే మాట దాదాపు అన్నిచోట్లా ఉంటుంది. అది న్యాయమే. పదిమంది కూర్చుని తినే పంక్తిలోకి మన ఇళ్ళలోనూ స్నానం చేసి, ఉతికిన బట్ట కట్టుకునే వెళతాం. ఎదుటివాళ్ళ కోసం శుభ్రంగా తయారవడం మర్యాద. ఆ మర్యాదను నేను మనసారా గౌరవిస్తాను, పిల్లలకూ నేర్పాలంటాను.

మొదటి రాత్రి సాధారణంగా ఫార్మల్ ఉండదు. రేవులో ఇచ్చిన పెట్టెలు గదికి చేరడానికి గంటలు పడుతుంది కాబట్టి. గాంధీకి గ్రిండ్లే ఏజెంటు దగ్గర ఎదురైన చిక్కు ఇదే. ఒక జత బట్టలు, మందులు చేతిసంచిలో ఉంచుకోండి. చివరి రాత్రి పెట్టెలు గది బయట పెట్టేయమంటారు, మర్నాడు దిగేటప్పుడు కట్టుకునే బట్ట పొరపాటున అందులో వెళ్ళకుండా చూసుకోండి. ఓడ రేవుల్లో ఆగకుండా నడిసముద్రంలో ఉండే రోజునే ఎక్కువగా ఈ విందు పెడతారు, తయారవడానికి తీరిక ఉంటుందని. ఏ రోజో ముందే కనుక్కోవచ్చు.

ఇంకో ముఖ్యమైన సంగతి ఇస్త్రీపెట్టె. ఓడ గదిలో ఇస్త్రీపెట్టె వాడనివ్వరు, ఆవిరి యంత్రమూ అంతే. నిప్పు భయం. నడిసముద్రంలో నిప్పంటుకుంటే పారిపోయే చోటు లేదు. ఓడ లాండ్రీలో ఇస్తే డబ్బు తీసుకుని ఇస్త్రీ చేస్తారు. కాబట్టి నలగని బట్ట పెట్టుకున్నవాళ్ళదే సుఖం.

ఈ విషయంలో మైసూరు సిల్కును మించింది లేదని నా అభిప్రాయం. 1912లో నాల్వడి కృష్ణరాజ ఒడయార్ మైసూరులో పెట్టించిన మిల్లులో పుట్టిన బట్ట. మెలితిప్పిన దారంతో నేసిన క్రేప్ పట్టు అది. ఆ మెలిక వల్లనే మడతపెడితే గీత పడదు, పెట్టెలోంచి తీసి దులిపితే నీళ్ళలా జారుతుంది. జరీలో 65 శాతం వెండి, 0.65 శాతం బంగారం ఉంటుందని ప్రభుత్వ సంస్థే చెబుతుంది. ప్రతి చీరకూ ఒక నంబరు. మా చిన్నమ్మది సీసాపచ్చ రంగు, సన్నంచు. మంచం మీద ఆ మూడు చీరలనూ నేను పిడికిలిలో నలిపి వదిలి చూశాను. ధర్మవరం పట్టు గీతలు పడింది, బరువు కూడా ఎక్కువ. ఉప్పాడ తేలిక గానీ జాగ్రత్తగా మడవాలి. మైసూరు చీర మీద నా వేళ్ళ గుర్తు కూడా మిగల్లేదు.

చీరకు కొన్ని జాగ్రత్తలు. డెక్కు మీద గాలికి కొంగు నిలవదు, భుజం దగ్గర పిన్నీసు తప్పనిసరి. ఓడ ఊగుతుంది కాబట్టి ఎత్తు మడమల చెప్పులు వద్దు, కుచ్చిళ్ళు కూడా ఒక అంగుళం పైకే పెట్టుకోవాలి. భోజనశాలల్లో ఏసీ చలి గట్టిగానే ఉంటుంది. శాలువా ఒకటి చేతిలో ఉంటే మంచిది.

పంచె సంగతి. గంజి పెట్టిన నూలు పంచె పెట్టెలో చతికిలపడుతుంది. పట్టు పంచె గాని, పట్టు, నూలు కలిపి నేసింది గాని తీసుకెళ్ళండి. నూలే కావాలనుకుంటే పొందూరు ఖద్దరు చూడండి. శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, గింజ దగ్గరి చెత్తంతా తీసేసి, ఆ తర్వాత చేత్తో వడుకుతారు. ఆ సన్నపు పళ్ళ వరసను మించిన దువ్వెన ఇంతవరకు వాళ్ళకు దొరకలేదు. సముద్రం మీదికి వెళ్ళే పంచెకు చేప పంటి గుర్తు ఉండటం నాకు చాలా ఇష్టమైన సంగతి. పంచె మీద మెడ మూసిన బంద్‌గలా కోటు గాని, పట్టు లాల్చీ, కండువా గాని బాగుంటాయి. అడ్డపంచె కన్నా గోచీ పెట్టి కట్టిన పంచె ఓడ మెట్ల మీద నడకకు హాయి. కాళ్ళకు వెనక పట్టీ ఉన్న చెప్పులు లేదా బూట్లు. మాజీ ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు గారు పదవిలో ఉన్నన్నాళ్ళూ ఎక్కువగా తెల్ల పంచె, తెల్ల చొక్కాతోనే కనిపించారు. ఆయన కట్టు చూసి నేర్చుకోవచ్చు.

సూటు ఇష్టమైనవాళ్ళు సూటే వేసుకోండి. కమర్షియల్ స్ట్రీట్ టైలర్ల చేతిలో పని ఉంది, మంచి సూటు కుట్టిస్తే పిల్లల పెళ్లిళ్ళకూ పనికొస్తుంది. ఒక్క రాత్రి కోసం భయపడి, కొలతలు కుదరని అద్దె టక్సీడోకు వేలు పోయకండి. అది వద్దు.

జయనగర్‌కు వచ్చిన జవాబు

మెయిల్లో జాతీయ దుస్తుల మాట ఎక్కడా లేదు. అందుకని ఆ ఆదివారమే వాళ్ళబ్బాయి చేత కంపెనీకి రాయించాను. "మా నాన్నగారు భారతీయ సంప్రదాయ దుస్తులు, పట్టు పంచె, కోటుతో వస్తారు. అభ్యంతరం ఉందా?" అని సూటిగా అడిగాము. మూడో రోజు జవాబు వచ్చింది. సంతోషంగా ఆహ్వానిస్తామని ఒక్క వాక్యం.

చిన్నాన్న ఆ జవాబును రెండుసార్లు చదివించుకున్నారు. "ఇది ముందే రాసుంటే పోయేది కదా" అన్నారు. తర్వాత చిక్‌పేటకు బయల్దేరారు. పట్టు కొట్లున్న ఆ సందుల్లో కన్నడం ఎంత వినిపిస్తుందో తెలుగూ అంత వినిపిస్తుంది. అయిదు కొట్లు తిరిగి, అంగుళం మెరూన్ అంచున్న గోధుమరంగు పట్టు పంచె తీసుకున్నారు. కొడుకుతో వెళ్ళి కోటు కుట్టించుకున్నారు.

వాళ్ళు తిరిగొచ్చి నెల దాటింది. హాల్లో టీవీ పక్కన ఓడ ఫొటోగ్రాఫరు తీసిన ఫొటో ఉంది. సీసాపచ్చ రంగు మైసూరు చీరలో చిన్నమ్మ, పంచెకట్టులో చిన్నాన్న, మధ్యలో తెల్ల యూనిఫాంలో కెప్టెన్.

"ముందే రాసుంటే పోయేది" అని చిన్నాన్న అన్న మాటనే పట్టుకుని, బెంగళూరులో క్లబ్బులు, మాల్‌లు, పెద్ద హోటళ్ళు నడిపేవాళ్ళకు ఒక విన్నపం. కొన్నిచోట్ల సంప్రదాయ దుస్తులకు చోటుందని నియమాల పుస్తకంలో ఎక్కడో రాసి ఉంది. పుస్తకంలో వద్దు. గుమ్మం దగ్గర బోర్డు మీద, కన్నడంలో, తెలుగులో, తమిళంలో, ఇంగ్లీషులో ఒక్క వాక్యం రాయించండి: పంచెతో, చీరతో, చెప్పులతో లోపలికి రావచ్చు. గుమ్మం దగ్గర నిలబడే కుర్రాడికి ఆ వాక్యం చదివి వినిపించండి.

పాఠకులకు ఒక మాట. ఓడ టిక్కెట్టు కొన్న రోజునే దుస్తుల నియమం అడగండి, రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. దాని కాపీ ఒకటి పాస్‌పోర్టుతో పాటు చేతిసంచిలో పెట్టుకోండి.